వంకాయ రంగు గీత

మొన్న మామిడిపల్లి చౌరస్తాలో సిగ్నల్ పడితే స్కూటీ ఆపుకొని నిలబడ్డాను. పక్కన మోటారు సైకిల్ మీద ఎవరో మహానుభావుడు. ఎర్రలైటు మీద ఆయనకేం కోపమొచ్చిందో, నిలబడ్డ చోటనే యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టాడు. ఇంజిన్ అరుచుకుంటూ పైకి పోయి, ఇంక పైకి పోలేక, టటటటమని కొట్టుకోవడం మొదలుపెట్టింది.

నేను స్కూటీ కదపలేకపోయాను. సిగ్నల్ మారింది, వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, ఒకాయన తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. స్కూటీ తోసుకుంటూ పోయి అరటిపండ్ల బండి దగ్గర నిలబడ్డాను. పండ్లమ్మే ఆమె నా మొహం చూసి సీసాలో నీళ్ళు చేతికిచ్చింది. ఎండదెబ్బ అనుకున్నట్టుంది. నేనూ అవుననే అన్నాను. మా మామ పోయినప్పటి నుంచి ఆ చప్పుడు చెవిన పడితే నాకు ఇట్లాగే అవుతుందని దారిన పోయేవాళ్ళకు ఏం చెప్తాం?

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఏర్గట్ల వైపు ఊరు, పసుపు రైతు. మామకూ అత్తకూ పిల్లలు లేరు. అమ్మ పోయాక నాకు పుట్టిల్లంటూ మిగిలింది ఆ ఇల్లే. నేను విత్తనాల కంపెనీలో ఫీల్డు సూపర్‌వైజర్ని, అంకాపూర్ చుట్టూ మక్కజొన్న చేన్లు తిరగడం నా ఉద్యోగం. వారానికి రెండు మూడుసార్లైనా ఏదో ఒక వంక పెట్టుకొని మామ ఇంటి మీదుగా పోయేదాన్ని. వంక లేకపోయినా పోయేదాన్ని. ఇప్పుడు ఆ దారికి స్కూటీ తిప్పాలంటేనే చేతులు రావడం లేదు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన ‘ఊఁ’ గురించి చెప్పాలి.

పసుపు తవ్వగానే అమ్మే పంట కాదు. కొమ్ములు ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టించాలి. ఉడకబెట్టడంలోనే ఉంది సంగతంతా. తక్కువైతే ఎండినాక పుటుక్కుమని విరుగుతుంది. ఎక్కువైతే రంగు చచ్చిపోతుంది. ఏడాది కష్టం ఆ కాసేపట్లో బాగుపడాలి, లేదా నాశనం కావాలి. అందరూ ఒక కొమ్ము బయటికి తీసి చీపురుపుల్ల గుచ్చి చూస్తారు, మెత్తగా దిగితే అయినట్టు లెక్క. మామ కూడా పుల్ల గుచ్చేవాడు గాని, అది లోకం తృప్తికోసం. ఆయన అసలు పని కడాయి పక్కన కళ్ళు మూసుకొని నిలబడటం. వాసనతో ఆవిరి మొహానికి కొడుతుంటే తల కొంచెం వాల్చి, ఎవరో చెవిలో రహస్యం చెబుతున్నట్టు వినేవాడు. ఉన్నట్టుండి ‘ఊఁ’ అనేవాడు. పెద్దగా కాదు, గొంతులోనే. అంతే, కింద మంట గుంజేసేవాళ్ళు.

ఊళ్ళో చాలామంది ఆవిరి బాయిలర్లు కిరాయికి తెచ్చుకుంటున్నా, ఆయన కడాయి వదల్లేదు. బాయిలరు దగ్గర ముక్కు పెట్టనివ్వరని ఆయన ఫిర్యాదు. ఆ ‘ఊఁ’ పడకముందు మంట గుంజినా, పడ్డాక ఒక్క కట్టె ఎగదోసినా, ఆ మనిషి వైపు రోజంతా చూసేవాడు కాదు. తిట్టడం ఆయనకు రాదు. చూడకపోవడమే ఆయన తిట్టు.

ఇట్లాంటి మనిషి ఒకరోజు హైదరాబాద్ పోయి తెల్లటి పాత కారొకటి కొనుక్కొచ్చాడు. మామూలు కారు కాదు. ఉరకడానికి చేసిన కారు, నేలకు జానెడెత్తు. కొనుక్కున్నవాళ్ళు మామూలుగా ఇట్లాంటి వాటికి ఏవేవో బిగించి, విప్పి, రెట్టింపు అరిచేటట్టు చేసుకుంటారట. దీనికి మాత్రం ఎవరూ చెయ్యి పెట్టలేదు. కంపెనీ నుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉంది. దాన్నే ‘స్టాక్ బండి’ అంటారని మామ ఊరందరికీ చెప్పాడు, పెండ్లిచూపుల్లో పిల్ల గుణగణాలు చెప్పినట్టు. వయసులో కొన్నేళ్ళు ఆయన దుబాయి వైపు ఒక గ్యారేజీలో పనిచేశాడు. అక్కడ పరాయివాళ్ళ కార్లు తుడిచి, తిప్పి, తాళాలు అప్పజెప్పీ అప్పజెప్పీ పుట్టిన కోరిక ఇది. తన కోసమని ఆయన జీవితంలో కొన్న వస్తువు ఇదొక్కటే.

ఊరు ఊరుకుంటుందా? పసుపు బస్తా పట్టని కారెందుకని కొందరు, గతుకుల రోడ్డుకు పొట్ట గీరుకుపోతుందని కొందరు. మా అత్తయితే దానికి ‘సవతి’ అని పేరు పెట్టింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, “నీ చిన్న పెండ్లానికి గూడ స్నానం పోసుడైందా?” అని అడిగేది. ఆయన సిగ్గుపడి బట్టతో అద్దం తుడుచుకుంటూ అటు తిరిగేవాడు. ఆయన గోళ్ళు ఏ కాలంలోనైనా పసుపుపచ్చగానే ఉండేవి. నెల తిరక్కుండానే స్టీరింగు కూడా ఆ రంగుకు వచ్చింది.

డ్రైవింగ్ నాకు ముందే వచ్చు. వచ్చు అంటే, మా దగ్గర అందరికీ వచ్చినట్టే, ట్రాక్టరు మీద. ట్రాక్టరు మీద నేర్చుకున్న చేయికి ఒక జబ్బు ఉంటుంది. బండి కదలగానే పై గేరుకు పోతుంది, ఇంజిన్ అరవకముందే. డీజిల్ బండికి అది చెల్లుతుంది. ఈ కారుకు చెల్లలేదు. మొదటిరోజు నేను అట్లా గేర్లు మారుస్తుంటే, అది మెట్లెక్కలేని ముసలామెలాగ వణికి, లోపల గోళీలు పోసినట్టు చప్పుడు చేసింది. నేను మెల్లగా, మర్యాదగా నడుపుతున్నాననుకున్నాను. మామ నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు. ఎక్కువ తిప్పితేనే ఇంజిన్ చెడిపోతుందని లోకం అనుకుంటుంది, తక్కువ తిప్పి బరువు మోయించినా చెడిపోతుందని ఆరోజు చెప్పాడు.

మరుసటి రోజు నాకు బుద్ధి ఎక్కువైంది. రెండో గేరులో తొక్కి పట్టుకున్నాను. ఇంజిన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపే మీటర్లో ముల్లు ఎర్రగీత దాటి, ఎర్రరంగు చివరకు పోయింది, బండి టటటటమని కొట్టుకుంది. అప్పుడు విన్నాను ఆ చప్పుడు మొదటిసారి. మామ పక్కకు ఆపమన్నాడు. దిగి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత లోపలికొచ్చి కూర్చొని చెప్పాడు.

“పైకి పోకుంట కంపెనీవాడు పెట్రోల్ బంద్ జేసిండు బిడ్డా, గదే గా చప్పుడు. బండి మనను బతిమాలుకునుడన్నట్టు. బతిమాలే దాక తేవద్దు.”

మరి ఎక్కడ మార్చాలి? ఎర్రగీత దగ్గరనా, అంతకంటే ముందా, ఎంత ముందు? ఈ ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. జక్రాన్‌పల్లి దగ్గర హైవే పక్కన పాతరోడ్డు ముక్క ఒకటి ఎవరూ పోకుండా పడి ఉంది. ఆదివారం పొద్దున్నే అక్కడికి పోయేవాళ్ళం. ఒక రాయి దగ్గర బయలుదేరి ఇంకో రాయి దాకా ఉరికించడం, నేను ఫోన్లో సమయం చూడటం. ఎర్రగీత అంచుదాకా పోయి గేరు మార్చి ఒకసారి, దానికి కొంచెం ముందు మార్చి ఒకసారి, ఇంకా ముందు ఒకసారి. ఆయన చెప్పులు విప్పి, వట్టికాళ్ళతో నడిపేవాడు. చెప్పులుంటే పెడల్ మాట వినపడదట. గేరు రాడ్డును పిడికిట్లో పట్టుకునేవాడు కాదు, అరచెయ్యి ఆనించి తోసేవాడు.

ఎన్ని ఆదివారాలు పోయినా లెక్క ఒకటే తేలింది. ఎర్రగీత అంచుదాకా లాగితే ఒరిగేదేమీ లేదు. ఇంజిన్ బలం ఒకచోట పూర్తిగా విప్పారుతుంది, అది దాటాక తగ్గుతూ పోతుంది. ఆ చోటు దాటిన కాస్తకే మార్చేస్తే, పై గేరు పడేసరికి ముల్లు కిందికి దిగి, మళ్ళీ మంచి బలమున్న దగ్గరే నిలబడుతుంది. మొదటి గేరులో ఇంజిన్ లేచినంత తొందరగా ముల్లు లేవదు కాబట్టి ఇంకాస్త ముందే మార్చాలి. ఇదంతా నాకు ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

“గీత దాటితే చప్పుడు పెరుగుతది గని బండి పెరగది.”

మరి కంపెనీవాడు ఎర్రగీత అంత పైన ఎందుకు గీశాడని అడిగాను. అది కొత్త ఇంజిన్‌కు గీసింది, ముసలి ఇంజిన్‌కు మనమే గీసుకోవాలన్నాడు. నా బ్యాగులోంచి గోళ్ళ రంగు సీసా తీసుకున్నాడు. అప్పుడు నా దగ్గరున్నది వంకాయ రంగు. మీటరు అద్దం మీద, ఎర్రరంగుకు ముందు, సన్నగా ఒక గీత గీశాడు. కడాయి దగ్గర నిలబడ్డట్టే ఊపిరి బిగబట్టి గీశాడు. అత్త చూసి, చిన్న పెండ్లానికి బొట్టు పెట్టిండని నవ్వింది.

ఆ గీత నేను ఎక్కువగా చూడలేదు, ఆయన చూడనివ్వలేదు. కండ్లు రోడ్డు మీద పెట్టాలి, మీటరు మీద కాదని చెప్పి పక్కసీట్లో కళ్ళు మూసుకొని కూర్చునేవాడు. ముల్లు గీతకు రాగానే ‘ఊఁ’ అనేవాడు. అదే ఊఁ, కడాయి దగ్గరిదే. నేను ఊఁ అనేదాక మార్చకు, ఊఁ అన్నంక ఆగకు అని ఆయన షరతు. ఒకసారి లారీ సడన్ బ్రేకు కొడితే కంగారులో నేను పై గేరులోంచి రెండులోకి గుంజబోయాను. ఆయన అరచెయ్యి అప్పటికే రాడ్డు కింద ఉంది, గేరు పడనివ్వలేదు. బండి పక్కకు తీయించాడు. పైకి పోయేటప్పుడు కంపెనీవాడు కాపలా ఉంటాడు, కిందికి దిగేటప్పుడు ఎవడూ ఉండడు, తప్పు గేరు పడితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పి చంపుతాయి అన్నాడు. రెండేళ్ళు అట్లా ఆయన ఊఁ మీద గేర్లు మార్చి మార్చి, ఒక్కదాన్నే పోతున్నప్పుడు కూడా ఆ ఊఁ నాకు వినపడేది.

పోయిన దసరా ముందు ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. హైదరాబాద్‌లో డాక్టరు గుండె చూసి మూడు రక్తనాళాలు మూసుకుపోయాయన్నాడు. ఆపరేషన్ చెయ్యాలి, ఎంత తొందరైతే అంత మంచిది అన్నాడు. మామ చేతులు కట్టుకొని అంతా విన్నాడు, తలూపాడు, బయటికొచ్చి టీ తాగాడు. పసుపు ఇంట్లకొచ్చినంక చూద్దాం అన్నాడు.

అప్పటి నుంచి నా బతుకు బతిమాలుకోవడమే అయింది. చేన్లో నిలబడి ఫోన్ చేసేదాన్ని, ఇంటికి పోయి కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని, అత్తను ఉసిగొల్పేదాన్ని. అత్త రెండుపూటలు అన్నం తినకుండా పడుకుంది. ఆయన మూడోపూట తానే వండిపెట్టాడు, దవాఖానకు మాత్రం రాలేదు. ఏమన్నా అంటే నవ్వులాట. ఇప్పుడు తాను స్టాక్ బండి అట, ఒక్కసారి విప్పితే మళ్ళీ అట్లా కూర్చోదట. డాక్టరు ఎర్రగీత కొత్త మనుషులకు గీసిందట. నాకు ఆ నవ్వు మీద పట్టరాని కోపం వచ్చేది. ఒకరోజు చేతిలో ఉన్న గ్లాసు గోడకేసి కొట్టాను. ముక్కలు ఆయనే ఏరి, నా అరికాళ్ళ కింద ఏమైనా పడ్డాయేమోనని టార్చి వేసి వెతికాడు.

సంక్రాంతి పోయింది, తవ్వకాలు వచ్చాయి. నాలుగు మెట్లు ఎక్కితే నిలబడి ఊపిరి తీసుకునేవాడు. ఎవరూ చూడకుండా గోడకు చెయ్యి ఆనించేవాడు. నేను చూసేదాన్ని. రాత్రి ఫోన్ మోగితే అది అత్తదేనేమోనని ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇంజిన్ కొంచెం వేడెక్కితే వారం రోజులు నిద్రపోని మనిషి, తన ఒంట్లో ఇంత జరుగుతుంటే ఎట్లా తిరుగుతున్నాడో నాకు అర్థమయ్యేది కాదు.

ఉడకబెట్టడం మొదలైనాక ఒకరోజు మధ్యాహ్నం సెలవు పెట్టి పోయాను. కడాయి మీద గోనెపట్టాలు కప్పి ఉన్నాయి, ఆవిరి మెల్లగా లేస్తోంది. పనివాళ్ళు తిండికి పోయారు. ఆయన ఒక్కడే పసుపు కుప్ప మీద కూర్చొని ఉన్నాడు. ఆరోజు నేను బతిమాలలేదు. ఎదురుగా నిలబడి అడిగేశాను.

“నీకు భయమైతుంది మామా. పసుపు గాదు, ఏం గాదు. భయమైతుందని చెప్పు, నేను ఇగ అడుగ.”

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

“అయితుంది బిడ్డా. మస్తు భయమైతుంది.” ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. “ఇంజిన్‌కు ముల్లుంటది, గీత గీసుకుంటం. దీనికి ముల్లేది? యాడి దాక పోవచ్చు, యాడ ఆగాలె, నాకెట్ల ఎర్క?”

నేను ఆ కుప్ప మీదనే ఆయన పక్కన కూలబడ్డాను. ఇన్ని నెలలు ఆయన మొండితనంతో కొట్లాడుతున్నాననుకున్నాను. అది మొండితనం కాదు. చీకట్లో బావి అంచు ఎక్కడుందో తెలియని మనిషి కదలకుండా నిలబడటం లాంటిది. ఇద్దరం ఏడ్చాం. నా భుజం మీద ఆయన చెయ్యి చాలా వేడిగా ఉంది. పనివాళ్ళు వస్తున్న మాటలు వినపడితే ఆయనే ముందు మొహం తుడుచుకొని, కడాయి దగ్గరికి పోయి నిలబడ్డాడు. మిగిలిన పసుపు ఈ వారంలో అయిపోతుంది, సోమవారం పోదాం అన్నాడు. నేను అక్కడే, ఆయన ముందే దవాఖానకు ఫోన్ చేసి సోమవారానికి పేరు రాయించాను. ఇంటికి వచ్చేటప్పుడు దారంతా పాటలు పాడుకుంటూ వచ్చాను. ఎన్ని నెలలైందో అట్లా పాడి.

సోమవారం రాలేదు. శనివారం మధ్యాహ్నం చివరి కడాయి ఉడుకుతోంది. నేనూ అక్కడే ఉన్నాను, రెండు రోజుల ముందే పోయి కాపలా కూర్చున్నట్టు కూర్చున్నాను. ఆయన ఆవిరి దగ్గర కళ్ళు మూసుకొని నిలబడ్డాడు. ‘ఊఁ’ అన్నాడు. మంట గుంజారు. పసుపు సరిగ్గా ఉడికింది, తర్వాత ఊరంతా ఆ రంగు గురించే చెప్పుకున్నారు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి కింద కూర్చుండిపోయాడు. మొహం నిండా చెమట. ఆవిరి వల్ల అనుకున్నాను ఒక్క క్షణం.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇంకో ఊరికి పోయిందన్నారు, వస్తుంది ఆగమన్నారు. ఆగడం నా వల్ల కాలేదు. మామే అన్నాడు, కారు తియ్యమని. అత్త వెనక సీట్లో కూర్చొని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. నేను తాళం తిప్పి, మొదటి గేరు వేసి, ప్రాణమంతా కాలిలోకి తెచ్చి తొక్కాను. వెనకనుంచి మామ చెయ్యి లేచింది.

“వేడెక్కనియ్యి బిడ్డా. సల్లటి నూనె మీద ఉరికియ్యకు.”

నేను ఏడుస్తూ అరిచాను, నీ కారు పాడుగాను అని. అయినా కాలు తీశాను. ఆయన మాట మీద తీయడం నా కాలికి అలవాటైపోయింది. ఊరు దాటేదాకా మెల్లగా పోయాను. ఇంజిన్ వేడి చూపే ముల్లు లేచింది. అప్పుడు తొక్కాను. ముల్లు గీతకు వచ్చింది. వెనకనుంచి, సన్నగా, ‘ఊఁ’.

ఆర్మూరులో డాక్టరు ఒక సూది వేశాడు, మాత్రలు నాలుక కింద పెట్టాడు. ఇక్కడ తాను చేసేదేమీ లేదు, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు, దారిలో నిజామాబాద్ వైపు తిరగమంటారా అని నేనంటే తల అడ్డంగా ఊపాడు. మామకు నేను పేరు రాయించిన దవాఖానతో ఆ డాక్టరే మాట్లాడి పెట్టాడు. వాళ్ళు సిద్ధంగా ఉంటారు, అంబులెన్సు కోసం ఆగకుండా మీరు తొందరగా చేరాలన్నాడు. చేరడం ఒక్కటే మిగిలిన పని. అది నా చేతుల్లో ఉంది.

పెర్కిట్ దగ్గర హైవే ఎక్కాను. మక్కల లారీలు, పసుపు బస్తాల ట్రాక్టర్లు, అడ్డం పడే గొర్లు. ప్రతి అడ్డంకి దగ్గరా బండి నెమ్మదించాలి, మళ్ళీ మొదటి నుంచి లేపాలి. లేపిన ప్రతిసారీ ముల్లు గీతకు వచ్చేది, వెనకనుంచి ‘ఊఁ’ వచ్చేది, నేను గేరు మార్చేదాన్ని. జక్రాన్‌పల్లి వచ్చింది. పాతరోడ్డు ముక్క ఎడమపక్కన కనపడి పోయింది. నాకు ఇంకా వేగం కావాలి. ఇంకా, ఇంకా. ఎర్రలోకి తోస్తే ఇంకొంచెం వస్తుందేమోనని కాలు కొట్టుకుంటోంది. రాదు. రాదని రాయి నుంచి రాయి దాకా ఎన్నిసార్లు చూశాను నేనే. ఈ బండి దగ్గర ఉన్నదంతా నాకు ఇచ్చేస్తోంది, అంతకంటే దాని దగ్గర లేదు. అంతకంటే కష్టమైన సంగతి నేను ఇప్పటిదాకా ఎరగను.

అత్త ఆయన ఛాతీ రాస్తూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. ఎండబెట్టిన పసుపు గురించి, ఎవరో కోళ్ళను కుప్ప మీదికి వదిలిన సంగతి. ఆయన పలకడం లేదు. కానీ గేరు గేరుకూ ఊఁ వస్తోంది. అది వస్తున్నంతసేపూ నాకు ధైర్యం. ఒకచోట గట్టిగా వచ్చింది కూడా, నేను ఒక వెంట్రుకవాసి ఆలస్యం చేస్తే.

ఇందల్వాయి దగ్గర టోల్ గేటు. నాలుగు బండ్ల వెనక ఆగాల్సి వచ్చింది. హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. మామకు హారన్ అంటే గిట్టదు, ఆయన ఏమీ అనలేదు. ముందున్న వాళ్ళు వెనక్కి తిరిగి చూసి, అత్త ఒళ్ళో మనిషిని చూసి, పక్కకు జరిగారు. గేటు కర్ర లేచింది.

మొదటి గేరు. ముల్లు లేచింది, గీతకు వచ్చింది. ఊఁ.

రెండో గేరు. ఊఁ. ఆవిరిలోంచి వచ్చినట్టు ఉంది గొంతు.

మూడో గేరు. ముందు రోడ్డు ఖాళీగా ఉంది, తెల్లగా, సూటిగా. కాలు చివరిదాకా తొక్కి పట్టాను. ముల్లు పైకి పోతోంది. నేను వింటున్నాను. వంకాయ గీతకు వచ్చింది. నేను వింటూనే ఉన్నాను. గీత దాటింది. ఆ గీత గీశాక ముల్లు దాన్ని దాటడం అదే మొదలు. ఎర్రరంగులోకి పోయింది. దాని చివరకు పోయింది. ఇంక పైకి పోలేక బండి టటటటమని కొట్టుకోవడం మొదలుపెట్టింది.

అత్త ముందుకు వంగి నా భుజం తట్టింది.

“గేరు మార్చు బిడ్డా. మీ మామకు గా చప్పుడు పడది.”

నేను మార్చలేదు. ఊఁ అనేదాకా మార్చొద్దని నేర్పింది ఆయనే.